చేతుల స్టేషన్

ప్రొఫెసర్ కామ్వెండో పేరు రాసిన చీటీని లుసుంగు గోండ్వే డబ్బాలో వెయ్యలేదు. మిగతా పరీక్షకుల పేర్లన్నీ మడిచి ఖాళీ పాలపొడి డబ్బాలో వేసింది. మూత పెట్టి గలగల ఆడించి, ఒక్కో స్టేషన్‌కి ఒక్కో చీటీ తీసింది. గుండె చప్పుడు వినే చోట ఒకరు, కుట్లు వేసే చోట ఒకరు, బిడ్డ పోయిన తల్లికి ఆ మాట చెప్పే చోట ఒకరు. కామ్వెండో చీటీ మాత్రం ఆమె టీకప్పు కింద ఉంది. అన్నీ అయ్యాక దాన్ని బయటికి తీసింది. తడికి సిరా అలుక్కుపోయిన ఆ పేరుని ఒకసారి చదువుకుని, ‘చేతులు కడుక్కోవడం’ అన్న గడిలో రాసింది.

బయట చిపెరోని పడుతోంది. జూన్ నెలలో ములాంజే కొండ మీదుగా వచ్చి రోజుల తరబడి వదలని ఆ సన్నటి చలిజల్లుకి బ్లాంటైర్ ఊరు ఊరంతా ముడుచుకుపోయి ఉంది. కాలేజీలో అందరూ చేతులు చంకల్లో పెట్టుకుని తిరుగుతున్నారు. లుసుంగు మాత్రం స్వెటర్ చేతులు మోచేతుల దాకా లాక్కుంది. ఆమెకి చలి వెయ్యడం లేదు.

గురువారం నాడు వైద్యవిద్యార్థుల ఆఖరి పరీక్ష. ఆమె డాక్టరేట్ పరిశోధన మొత్తం ఆ పరీక్ష గురించే. పూర్వం ఒక ప్రొఫెసరు విద్యార్థిని ఏదో ఒక మంచం దగ్గరికి తీసుకెళ్ళి, తోచింది అడిగి, తోచినట్టు పాస్ చేసేవాడు, తోచకపోతే ఫెయిల్ చేసేవాడు. ఆ పద్ధతి పోగొట్టడానికి లుసుంగు ఏళ్ళ తరబడి మీటింగుల్లో పోట్లాడింది. ఇప్పుడు హాల్లో తెరలు కట్టి గదులు చేస్తారు, వాటినే స్టేషన్లంటారు. ఒక్కో గదిలో ఒక్కో పని. గంట మోగితే విద్యార్థి తర్వాతి గదికి వెళ్ళాలి. పరీక్షకుడు మూల కుర్చీలో కూర్చుని, కాగితం మీద ఉన్నవాటికి టిక్కు పెట్టాలి. అంతకు మించి ఏమీ చెయ్యకూడదు. ఈ ఏడాది మార్కులు చేతికొస్తే థీసిస్ ఆఖరి అధ్యాయం పూర్తవుతుంది. పరీక్షకులను చీటీలు తీసి కేటాయించామని అందులో ముందే రాసేసింది కూడా.

ఆమె గైడు డాక్టర్ సిక్వేసే పిల్లల డాక్టరు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ఎవరి గదికొచ్చినా గుమ్మంలోనే నిలబడి మాట్లాడుతుంది. గోడకి అంటించిన జాబితాని అక్కణ్ణించే చదివింది.

"ఏమిటిది? కామ్వెండోని తీసుకెళ్ళి బకెట్టు పక్కన కూర్చోబెట్టావ్?"

"నేనెక్కడ కూర్చోబెట్టానమ్మా. చీటీ అలా వచ్చింది."

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఈ దేశంలో సగం మంది సర్జన్లకి కత్తి పట్టుకోవడం నేర్పింది ఆయన. అది నర్సు ట్యూటర్లు కూర్చునే చోటు."

"నేనూ నర్సు ట్యూటర్నే కదమ్మా."

సిక్వేసే కళ్ళజోడు తీసి భుజం మీది శాలువాతో తుడుచుకుంది. "నువ్వు నవ్వుతున్నావ్ లుసుంగూ. ఈ థీసిస్ మొదలుపెట్టాక నువ్వు నవ్వగా నేను చూళ్ళేదు. నాకెందుకో బాగనిపించట్లేదు" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం లుసుంగు హాల్లోకి వెళ్ళి చేతుల స్టేషన్ తనే సర్దింది. హాల్లో పంపు లేదు. అడుగున కుళాయి బిగించిన ప్లాస్టిక్ బకెట్టుని ఎత్తుపీట మీద పెట్టింది. కింద బేసిన్, పక్కన సబ్బు, కాగితపు తువ్వాళ్ళు. కుర్చీని బకెట్టుకి బాగా దగ్గరగా జరిపింది. నీళ్ళు చిందితే పరీక్షకుడి బూట్ల మీద పడేంత దగ్గరగా.

కామ్వెండో ఆపరేషన్ థియేటర్లో ఆమె ఆఖరిసారి చేతులు కడుక్కున్న రోజున ఎవరూ గంట కొట్టలేదు. ఒక కుర్రాడి తొడ ఎముక ఆపరేషన్. ఆయన చేయి వెనక్కి తీసినప్పుడు గ్లవ్ ట్రాలీ అంచుకి తగిలి వేలి దగ్గర చిరిగింది. "సార్, గ్లవ్" అంది లుసుంగు. అప్పుడామె కొత్త నర్సు. ఆయన చూడలేదు. మళ్ళీ అంది. ఆయన తలెత్తి, చుట్టూ ఉన్న విద్యార్థులందరికీ వినబడేలా, "ఈ సిస్టర్ చేతులే మురికిగా ఉన్నట్టున్నాయి. సింకు దగ్గరికెళ్ళి కడుక్కో. నేను చాలు అనేదాకా కడుక్కో" అన్నాడు. ఆయన చాలు అనలేదు. ఆపరేషన్ అయిపోయి, టేబుల్ తుడిచి, దీపాలు ఆర్పేదాకా ఆమె బ్రష్‌తో రుద్దుతూనే ఉంది. తెల్ల సింకులో నీళ్ళు గులాబీ రంగులోకి తిరిగాయి. మర్నాడు ఆమె బదిలీ అడిగి పాఠాలు చెప్పే వైపుకి వచ్చేసింది. ఆ కుర్రాడు ఏమయ్యాడో కనుక్కోవడానికి కూడా మళ్ళీ ఆ వార్డు మెట్లెక్కలేదు.

సబ్బు కాగితం విప్పి పెట్టెలో పెట్టింది. ఒకసారి వాసన చూసింది.

*

బుధవారం పరీక్షకులకి నియమాలు చెప్పే సమావేశం. కామ్వెండో ఆలస్యంగా వచ్చాడు. పొడుగాటి మనిషి, వయసొచ్చినా నడుము వంగలేదు. జాబితాలో తన పేరు వెతుక్కుని, పక్కనున్నది చదివాడు.

"సిస్టర్ గోండ్వే" అన్నాడు. ఆమె లెక్చరరై ఎన్నాళ్ళయినా ఆయనకి సిస్టరే. "సబ్బు కాలేజీ ఇస్తుందా, నేను ఇంటి నుంచి తెచ్చుకోవాలా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. లుసుంగు నవ్వలేదు.

"కాలేజీ ఇస్తుంది ప్రొఫెసర్ గారూ. మీరు పెన్ను తెచ్చుకుంటే చాలు." తర్వాత కాగితం చూస్తూ చదివింది. "పరీక్షకులు విద్యార్థితో మాట్లాడకూడదు. తల ఊపకూడదు. ముఖం చిట్లించకూడదు. ఆఖరి విద్యార్థి అయ్యేదాకా కుర్చీ వదలకూడదు."

"దగ్గొస్తే?" అన్నాడు కామ్వెండో.

"దగ్గొచ్చు."

"సంతోషం."

"ఇంకొకటి. ఈ స్టేషన్లన్నిట్లోకీ చేతులు కడుక్కునే దాంట్లో తప్పినవాళ్ళు పరీక్ష మొత్తం తప్పినట్టే. మిగతావాటిలో ఎన్ని మార్కులొచ్చినా సరే." ఆ నియమం పెట్టించిందీ ఆమే. పోయిన ఏడాది మీటింగులో కామ్వెండో దాని మీద బల్ల చరిచి నవ్వాడు, మూతి కడుక్కోవడం కూడా పెట్టండి అని. ఇవాళ నవ్వలేదు. నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు.

ఆ రాత్రి లుసుంగు ఎండు ఉసిపా చేపలు వేయించి, మొక్కజొన్న పిండితో న్సీమా కెలికి, చాలాకాలం తర్వాత రెండోసారి వడ్డించుకుని తింది.

*

గురువారం పొద్దున హాలంతా తడి గొడుగుల వాసన. తెరలు వార్డుల నుంచి తెచ్చినవి, వాటి మీద పాత అయోడిన్ మరకలు. లుసుంగు మధ్యలో గంట పట్టుకుని నిలబడింది. అక్కణ్ణించి చూస్తే చేతుల స్టేషన్ తెరల మధ్య సందు కనబడుతుంది. అలా కనబడేలా తెరలు నిలబెట్టింది కూడా తనే.

కామ్వెండో మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. విద్యార్థి రావడం, కుళాయి తిప్పడం, సబ్బు రాయడం, అరచేయి, చేతి వెనుక, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళు, మణికట్టు. టిక్కు, టిక్కు. గంట. ఇంకో విద్యార్థి. అరచేయి, చేతి వెనుక, వేళ్ళ సందులు. ఆయన బూట్లు తడిశాయి. ఒకసారి ఆవలించబోయి నోరు మూసుకున్నాడు. లుసుంగు ప్రతి గంటకీ ముందు ఒక్క క్షణం ఆగి ఆ సందులోంచి చూసి, అప్పుడు కొడుతోంది.

చాయ్ విరామం దాటాక ఆయన చెయ్యెత్తాడు. అది సహాయం కావాలనే గుర్తు. లుసుంగు నెమ్మదిగా వెళ్ళింది.

ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు. "తర్వాత వచ్చేది ఆ తదాలా అన్న అమ్మాయి. బయట వరసలో చూశాను. నన్ను చూస్తే బిగుసుకుపోతుంది. నేను కాసేపు బయటికెళ్తాను, ఈ ఒక్కసారికి ఇంకెవర్నైనా కూర్చోబెట్టు."

తదాలా ఎందుకు బిగుసుకుపోతుందో లుసుంగుకి తెలుసు. ఆ అమ్మాయిది సన్నటి గొంతు. వార్డు రౌండ్లలో ఆమె జవాబు చెప్పినప్పుడల్లా కామ్వెండో కిటికీ వైపు తిరిగి, "ఎక్కడో దోమ పాడుతోంది, కిటికీ ఎవరు తెరిచారు?" అనేవాడు. విద్యార్థులు కొన్నాళ్ళకి ఆమెని దోమ అనే పిలవడం మొదలుపెట్టారు. పరిశోధన కోసం విద్యార్థులతో మాట్లాడినప్పుడు తదాలా ఇదంతా లుసుంగు గదిలో కూర్చునే చెప్పింది.

"నియమం ఒప్పుకోదు ప్రొఫెసర్ గారూ."

"నియమం నువ్వు రాసిందే కదా."

నియమాలు రాసి ఆయన బల్ల మీద పెట్టిన అట్టముక్క మీద లుసుంగు వేలు పెట్టింది. "పరీక్షకులు మాట్లాడకూడదు."

ఆయన ఆమెకేసి చూశాడు. ఏదో అడగబోయి, వేలున్న చోట చూసి, నోరు మూసుకున్నాడు. లుసుంగుకి నాలుక కింద తియ్యగా ఏదో ఊరినట్టయింది. చోటుకి తిరిగివచ్చి గంట కొట్టింది.

తదాలా తెర తొలగించుకుని లోపలికి వచ్చింది. కుర్చీ చూసింది. అక్కడే నిలబడిపోయింది. తర్వాత, ఎవరో వెనక నుంచి నెట్టినట్టు బకెట్టు దగ్గరికి నడిచి కుళాయి పూర్తిగా తిప్పేసింది. నీళ్ళు బేసిన్‌లోంచి నేల మీదికి చిందాయి. సబ్బు చేతిలోంచి జారింది. ఒంగి తీసింది. అరచేతులు రుద్దింది. మళ్ళీ అరచేతులే రుద్దింది. మళ్ళీ అవే. చేతి వెనుక లేదు, బొటనవేళ్ళు లేవు. కడిగిన చేత్తోనే కుళాయి కట్టేసింది. తువ్వాలు తీసుకోకుండా నీళ్ళోడుతున్న చేతులతో, గంట మోగకముందే బయటికి వెళ్ళిపోయింది.

కామ్వెండో పెన్ను కాగితం మీద ఆగి ఉంది. తెరల సందులోంచి లుసుంగు వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆయన కాగితం వైపు తిరిగి, ఖాళీగా ఉండాల్సిన గడులన్నీ ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాడు.

*

మార్కులు కూడితే, చేతుల స్టేషన్లో తప్పింది తదాలా ఒక్కతే. బిడ్డ పోయిన తల్లికి చెప్పే చోట అందరికంటే ఎక్కువ ఆమెకే వచ్చాయి. అక్కడ తల్లి వేషం కట్టిన ఆవిడ, పరీక్ష అయ్యాక కూడా కళ్ళు తుడుచుకుంటూ, "ఆ సన్నగొంతు పిల్ల మాట్లాడుతుంటే నిజంగానే ఏడుపొచ్చింది" అని చెప్పింది.

టిక్కుల లిస్టు చెప్పింది, నేను కాదు అనుకుంది లుసుంగు. కాగితాలు కట్ట కట్టింది.

శుక్రవారం పొద్దున ఆమె వచ్చేసరికి కామ్వెండో తలుపు బయట నిలబడి ఉన్నాడు. ఆయన ఒకరి తలుపు బయట నిలబడగా ఆమె చూడ్డం అదే మొదలు.

"ఆ పిల్ల నా వల్ల తప్పింది" అన్నాడు.

"లిస్టు ప్రకారం తప్పింది."

"పాత పరీక్షలో అయితే బయటికెళ్ళి నీళ్ళు తాగి రా అనేవాణ్ణి."

"పాత పరీక్షలో అయితే దోమ అనేవారు."

ఆయన గోడకేసి చూశాడు. "అన్నాను" అన్నాడు. "అందుకే లేస్తానన్నాను. నువ్వు లేవనివ్వలేదు."

"చీటీ అలా వచ్చింది ప్రొఫెసర్ గారూ, నేనేం చెయ్యను."

"చీటీలు అంత తెలివిగా రావు సిస్టర్. నీకు నా మీద కోపముంటే నా మీదే తీర్చుకో. మధ్యాహ్నం బోర్డులో నేను ఆ పిల్ల తరఫున మాట్లాడతాను. నువ్వు ఊరుకుంటే చాలు."

ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ లుసుంగు తాళం తిప్పడం మర్చిపోయి నిలబడింది.

బోర్డు సమావేశం డీన్ గదిలో. పొడుగు బల్ల, మధ్యలో నూనెలో వేయించిన మందాసీ రొట్టెల పళ్ళెం, ఫ్లాస్కులో టీ. డీన్‌కి ఇంకో మీటింగు ఉంది, మాటిమాటికీ ఫోన్ తిరగేసి చూస్తున్నాడు. తప్పినవారి సంగతి రాగానే కామ్వెండో లేచి నిలబడ్డాడు. ఆ అమ్మాయికి ఇంకో అవకాశం ఇవ్వాలన్నాడు. ఆమె తనని చూసి భయపడిందనీ, ఆ భయానికి కారణం తనేననీ చెప్పాడు.

"ప్రొఫెసర్, మీకు ఈ కొత్త పరీక్ష మొదట్నించీ గిట్టదు" అన్నాడు డీన్. "మాకందరికీ తెలుసు. దాన్ని చెడగొట్టడానికి ఒక స్టూడెంటుని అడ్డం పెట్టుకోకండి."

"నేను దాని గురించి మాట్లాడటం లేదు."

"ఇంకేం మాట్లాడుతున్నారు మరి?" అన్నారెవరో. ఇద్దరు నవ్వారు. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. మధ్యలోనే ఒకాయన మందాసీ పళ్ళెం ఇటు జరపమన్నాడు. ఆయన నిజం చెబుతున్నాడు, ఒక్కరూ వినడం లేదు. సరిగ్గా ఇదే కదా తను కోరుకున్నది అనుకుంది లుసుంగు. బల్ల కింద చేతులు ఒడిలో పెట్టుకుని, ఆ నిమిషాన్ని చప్పరించినట్టు కూర్చుంది.

డీన్ పెన్ను మూత తీశాడు. "సరే. తదాలా మ్బేవే, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ." రాస్తూ తలెత్తకుండానే అడిగాడు. "అబ్బాయా, అమ్మాయా?"



"అమ్మాయి" అంది లుసుంగు. తర్వాత తన గొంతు తనకే ఎవరిదో అనిపిస్తూండగా, "ఆగండి. అది చీటీ తీసి వేసింది కాదు. ప్రొఫెసర్ గారిని అక్కడ నేనే వేశాను" అంది.

పెన్ను ఆగింది. బల్ల చివర సిక్వేసే కళ్ళు మూసుకుంది.

"ఎందుకు?" అన్నాడు డీన్.

"ఆయన్ని ఒక రోజంతా బకెట్టు పక్కన నోరు మూయించి కూర్చోబెట్టి చూడాలనిపించింది." ఆమె కామ్వెండో వైపు తిరిగింది. ఆ సింకు సంగతి చెప్పింది. ట్రాలీ, గ్లవ్, రెండుసార్లు తను చెప్పడం, దీపాలు ఆర్పేదాకా రుద్దడం. ఎక్కువ మాటలు పట్టలేదు. చివర్న, ఇన్నేళ్ళుగా ఎవర్నీ అడగనిది అడిగింది. "ఆ కుర్రాడు ఏమయ్యాడు ప్రొఫెసర్ గారూ?"

కామ్వెండో ఇంకా నిలబడే ఉన్నాడు. ఏదో అన్నాడు.

"వినపళ్ళేదు" అన్నాడు డీన్.

"చీము పట్టింది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎముక దాకా పోయింది. మళ్ళీ రెండుసార్లు తెరిచాను. బతికాడు. కర్ర పట్టుకుని నడుస్తాడు. లిమ్బే మార్కెట్లో బంగాళదుంపలు అమ్ముతాడు, నేను అటువైపు వెళ్ళను." ఆగి, "గ్లవ్ చిరిగింది. సిస్టర్ చెప్పింది నిజం. నేను చూశాను" అన్నాడు.

ఇన్నేళ్ళు ఆమె ఆ మాటని రకరకాల గొంతుల్లో ఊహించుకుంది. ఇంత మామూలుగా ఉంటుందనుకోలేదు. అయినా చెవుల్లోకి నిండా తీసుకుంది. వదిలిపెట్టలేదు.

"నేను చూశాను అంటే, అప్పుడే చూశారా?"

"అప్పుడే."

"సరే" అంది లుసుంగు.

తదాలాకి సోమవారం ఆ ఒక్క స్టేషన్ మళ్ళీ పెట్టాలని నిర్ణయించారు, వేరే పరీక్షకుడితో. ఆ స్టేషన్ మార్కులు ఏవీ పరిశోధనలోకి రాకూడదన్నారు. థీసిస్ ఇచ్చే గడువు దాటిపోతుందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. బయటికొచ్చాక వరండాలో సిక్వేసే ఆమె ముందు ఆగింది.

"జరిగింది జరిగినట్టు థీసిస్‌లో రాయాలి నువ్వు. వెనకెక్కడో సన్నక్షరాల్లో కాదు."

"రాస్తానమ్మా."

"మార్కులు పోతే పోయాయి. నా మొహం మీదే చీటీ అలా వచ్చిందీ అన్నావ్ చూడు." సిక్వేసే గొడుగు విప్పింది. అది సరిగ్గా తెరుచుకోకపోతే విసుగ్గా దులిపింది. "దానికి నేనింకా కోపం తెచ్చుకోవాలి. ఇప్పుడు టైము లేదు."

*

సోమవారం హాల్లో మిగతా తెరలన్నీ తీసేశారు. ఒక్క బకెట్టు, ఒక్క కుర్చీ, ఒక్క బల్ల. కొత్త పరీక్షకురాలిగా ఒక నర్సు ట్యూటర్ని పిలిచి కూర్చోబెట్టింది లుసుంగు. తదాలా సమయానికి వచ్చింది. జుట్టు బిగించి కట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుంది. కుర్చీలో ఉన్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఈవిడెవరు?"

"నీ పరీక్షకురాలు. భయపడకు, ప్రొఫెసర్ గారు రారు" అంది లుసుంగు.

"ఆయనే కూర్చోవాలి."

"అక్కర్లేదమ్మా, బోర్డే చెప్పింది."

"ఆయన ఎదురుగా తప్పాను మేడమ్. ఇంకొకరి ఎదురుగా పాసైతే రేపు వార్డులో ఏమంటారో మీకు తెలీదా?" సన్నగొంతే, కానీ వణకలేదు. "ఆయన వచ్చేదాకా నేను మొదలుపెట్టను."

డీన్‌కి ఫోన్ చేస్తే, ఆ పిల్లకి ఇష్టమైతే అలాగే కానివ్వమన్నాడు. నర్సు ట్యూటరు లేచి వెళ్ళిపోయింది. కామ్వెండో వార్డు నుంచి కబురందుకుని, కోటు భుజాల మీద జల్లుతో వచ్చాడు. విషయం విని కుర్చీలో కూర్చుని పెన్ను తీశాడు. లుసుంగు గంట కొట్టింది.

తదాలా ముందు గడియారం తీసి జేబులో వేసుకుంది. కోటు చేతులు పైకి మడుచుకుంది. కుళాయిని సన్నటి ధార వచ్చేంతే తిప్పి చేతులు తడుపుకుంది. సబ్బు రాసి నురగ వచ్చేదాకా రుద్దింది. అక్కణ్ణించి ఆమె కళ్ళు చేతుల మీద లేవు. కామ్వెండో మొహం మీద ఉన్నాయి. అరచేయి అరచేయికి. కుడిచేతి వెనుక, ఎడమచేతి వెనుక. వేళ్ళలో వేళ్ళు దూర్చి సందులు. వేళ్ళు ముడిచి వెనకవైపు. బొటనవేలిని పిడికిట్లో పట్టి తిప్పుతూ ఒకటి, తర్వాత రెండోది. గోళ్ళు అరచేతిలో గుండ్రంగా. మణికట్లు. తొందర లేదు. ఒక్కో అడుగూ ఆయనకి అప్పజెప్పినట్టు చేసింది. ఆయన టిక్కు పెట్టడానికి తల దించాల్సి వచ్చింది. తల ఎత్తినప్పుడల్లా ఆ కళ్ళు అక్కడే ఉన్నాయి. తర్వాత్తర్వాత ఆయన తల ఎత్తడం మానేశాడు.

నీళ్ళతో కడిగింది. తువ్వాలుతో ఒత్తి తుడుచుకుంది. అదే కాగితంతో కుళాయి కట్టేసింది. ఇంకా గంట కొట్టే వేళ కాలేదు.

"ప్రొఫెసర్, నా పేరు తదాలా మ్బేవే" అంది. "రెండేళ్ళు మీ వార్డులో ఉన్నాను. మీరెప్పుడూ అడగలేదు."

కామ్వెండో నోరు తెరిచి, బల్ల మీది అట్టముక్క చూసి, లుసుంగు వైపు చూశాడు. మాట్లాడనివ్వమని అడుగుతున్న చూపు అది. లుసుంగు చేతిలో గంట ఉంది. కొడితే ఆయన మాట్లాడొచ్చు. ఆమె కొట్టలేదు. వేళయ్యేదాకా ముగ్గురూ అలాగే ఉన్నారు. కుళాయి నుంచి ఒకటి రెండు చుక్కలు బేసిన్‌లో పడిన చప్పుడు వినబడింది.

గంట మోగాక కామ్వెండో కాగితం మీద సంతకం పెట్టి లేచాడు. "బాగా చేశావు" అన్నాడు. తదాలా అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తోంది.

లుసుంగు ఆమె వెనకాలే వరండాలోకి వెళ్ళింది. అడుగు తేలిగ్గా పడుతోంది. ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకుంది.

"పాసయ్యావు తదాలా. చాలా..."

"నేను మీ పరిశోధనలోంచి తప్పుకుంటాను మేడమ్."

"ఏమిటి?"

"నేను మీకు చెప్పినవి, నా మార్కులు, ఏవీ వాడకండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చని మొదటి రోజు మీరే చదివి వినిపించారు."

"అవును. తప్పుకోవచ్చు." తన నోటి నుంచి ఆ తర్వాతి మాట దానంతటదే వచ్చింది. ఆ మొదటి రోజు చదివిన మాటే. "కారణం చెప్పనక్కర్లేదు."

"చెప్తాను, వినండి." తదాలా గొడుగు ముడి విప్పి, తెరవకుండా పట్టుకుంది. "మీ గదిలో కూర్చుని ఆ దోమ సంగతి చెప్పాను. మా అమ్మకి కూడా చెప్పలేదు. మీరు టీ ఇచ్చారు, ఏడిస్తే రుమాలిచ్చారు. ఒక మనిషికి చెప్పానని హాయిగా నిద్రపోయాను ఆ రాత్రి. గురువారం లోపల ఎవరున్నారో మీకు తెలుసు. నాకేమవుతుందో ఆయనకి కూడా తెలిసింది. లేస్తానన్నాడట. మీరు గంట కొట్టారు."

"నాకు ఆయనతో ఒక పాత..."

"విన్నాను. కాలేజీ అంతా విన్నది. మీకు జరిగింది అన్యాయమే. కానీ మీరిద్దరూ నా చేతుల మీద పోట్లాడుకున్నారు మేడమ్. ఆయన నన్ను దోమ అన్నాడు. మీకు నేను కనబడనేలేదు."

లుసుంగు ఏదో అనబోయింది. ఆ పిల్ల మొహం చూసి ఆగిపోయింది. క్షమించమని అడిగితే, ఆ అడగడం కూడా తన కోసమే అవుతుందనిపించింది.

"ఎక్కడ సంతకం పెట్టాలి?" అంది తదాలా.

"సంతకం అవసరం లేదు. నువ్వు చెప్పావు, చాలు."

తదాలా తలూపి, గొడుగు తెరిచి, జల్లులోకి దిగింది. గేటు దాకా ఎక్కడా వెనక్కి చూడలేదు. అక్కడ మినీబస్సు కండక్టరు "లిమ్బే, లిమ్బే" అని కేక పెడుతున్నాడు. ఆమె ఎక్కింది. తలుపు సగం మూసుకోగానే బస్సు కదిలింది.

*

థీసిస్ మళ్ళీ రాయడానికి వర్షాకాలం అంతా పట్టింది. సిక్వేసే ప్రతి పేజీ చదివింది. చీటీ సంగతి రాసిన పేజీలు మూడుసార్లు వెనక్కి పంపింది. అందులో జాలిగా ధ్వనించిన ప్రతి మాటా కొట్టేసింది.

వైవా నాడు బయటి దేశం నుంచి వచ్చిన పరీక్షకురాలు కూర్చుంది. నెరిసిన జుట్టు, మెత్తటి మాట. చీటీ గురించి గంటకి పైగా అడిగింది, ఏమాత్రం మొహమాటపడకుండా కఠినంగానే అడిగింది. లుసుంగు అన్నిటికీ జవాబు చెప్పింది. గది వెనక వరసలో కామ్వెండో ఒక్కడే కూర్చుని విన్నాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. లుసుంగు అటువైపు చూడలేదు.

చివర్న ఆవిడ పేజీలు వెనక్కి తిప్పి ఒకచోట ఆగింది.

"ఇక్కడ విద్యార్థుల సంఖ్య ఒకటి తగ్గింది. పరీక్ష అయిపోయాక ఒకరు తప్పుకున్నారని రాశారు. ఎందుకో ఎక్కడా రాయలేదు. మిగతావన్నీ ఇంత విప్పి రాసిన మీరు, ఇది మాత్రం ఎందుకు వదిలేశారు? ఆ ఒక్కరి మాటతో ఈ అధ్యాయం ఎంతో బలపడేదేమో."

"బలపడేది" అంది లుసుంగు.

"మరి?"

"వాడొద్దన్నారు."

ఆవిడ ఇంకా ఏదైనా చెబుతుందేమోనని ఎదురుచూసింది. గదిలో అందరూ ఎదురుచూశారు. లుసుంగు గ్లాసులో నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, తర్వాతి ప్రశ్న కోసం కూర్చుంది.